రాడ్డుకు మందుపూత - చీముకు అడ్డుకట్ట

బండి మీద నుంచి పడి కాలు విరుగుతుంది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఎముకలో రాడ్డు వేస్తారు. కుట్లు విప్పాక గండం గడిచిందనుకుని ఇంటికి వస్తే, నెల తిరిగేసరికి కుట్టు పక్కన చిన్న రంధ్రం పడి రసి కారడం మొదలవుతుంది. మాత్రలు వేసుకున్నన్నాళ్లు తగ్గినట్టుంటుంది. మానగానే మళ్లీ కారుతుంది. చివరకు మళ్లీ ఆపరేషన్, మళ్లీ అప్పు. ఒక్కోసారి వేసిన రాడ్డు తీసివేయక తప్పదు.

ఈ బాధ తప్పించేందుకు వైద్య శాస్త్రజ్ఞులు రాడ్డుకే క్రిమినాశక మందు పూసే పద్ధతులు కనుగొన్నారు. కృత్రిమ కీళ్లకు, గుండెకు అమర్చే పేస్‌మేకర్లకు కూడా ఇలాంటి రక్షణ కల్పిస్తున్నారు.

రేవు మెట్ల మీద పాచి

చెరువు రేవులో మెట్లకు పట్టిన పాచి కడవలతో నీళ్లు పోసినా పోదు. కొబ్బరి పీచుతో రుద్దాలి. రాడ్డు మీద క్రిముల సంగతీ అంతే. చర్మం మీద సాధారణంగా ఉండే స్టెఫిలోకాకస్ జాతి క్రిములు లోపలికి చేరితే లోహాన్ని అంటుకుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొర చాటున ఉన్న క్రిములను మాత్రలు, ఇంజెక్షన్లు పూర్తిగా చంపలేవు. పైగా లోహంలో రక్తనాళాలు ఉండవు. అందుచేత నెత్తుటితో వచ్చే మందు అక్కడికి చాలినంత అందదు.

1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మంలోకి ఈ క్రిములను ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి కొన్ని లక్షల క్రిములు కావలసివచ్చింది. అదేచోట పట్టుదారంతో ఒక్క కుట్టు వేసి ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. చిన్న దారప్పోగే ఇంత తేడా తెస్తే, ఇక మూరెడు రాడ్డు సంగతి చెప్పనక్కరలేదు.

సిమెంటులో మందు

జర్మనీలోని హాంబర్గు నగరంలో బుక్‌హోల్జ్ అనే శస్త్రవైద్యుడు కృత్రిమ తుంటికీలును ఎముకకు అతికించే సిమెంటులోనే జెంటామైసిన్ మందు కలిపాడు. ఆ ఫలితాలు 1970లో వెలువడ్డాయి. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ఈ మందు చెడిపోదు. సిమెంటు నుంచి కొద్దికొద్దిగా ఊరి, క్రిములు స్థిరపడకముందే చంపుతుంది.

తర్వాత కాలి ఎముకలో వేసే రాడ్డుకు ఇదే మందును పలుచగా పూయడం వచ్చింది. ఎముక కేన్సర్ వచ్చినవారికి అమర్చే పెద్ద లోహపు భాగాలకు వెండి పూత పూస్తున్నారు. వెండి క్రిములను చంపుతుంది. అయితే మోతాదు మించితే శరీరానికీ హాని చేస్తుంది కనుక కొలత ముఖ్యం.

పేస్‌మేకరుకు మరో ఉపాయం ఉంది. మందు పూసిన వల సంచిలో పెట్టి దానిని అమరుస్తారు. కొన్ని వారాల్లో ఆ సంచి శరీరంలోనే కరిగిపోతుంది. గుండె పరికరాలు అమర్చుకున్న దాదాపు 7 వేల మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. సంచి లేనివారిలో ఏడాదిలోగా 1.2 శాతం మందికి తీవ్రంగా చీము పట్టగా, సంచి ఉన్నవారిలో అది 0.7 శాతమే.

పూత ఉన్నా జాగ్రత్త తప్పదు

ఈ పూతల ఖర్చు ఎక్కువ. ఇప్పటికీ వాడే రాడ్లలో ఎక్కువ భాగం పూత లేని స్టీలు, టైటానియంవే. ఆపరేషన్ గది శుభ్రత, కోతకు ముందు గంటలోపు ఇచ్చే ఇంజెక్షన్, రోగి జాగ్రత్త, ఇవే నేటికీ ప్రధాన రక్షణ.

షుగరు వ్యాధి ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. బీడీ, చుట్ట మానాలి. ఆపరేషన్ చేసే చోట ఇంటి వద్ద బ్లేడుతో వెంట్రుకలు గీయరాదు. ఆ చిన్న గాట్లలో క్రిములు చేరతాయి. ఎముక బయటపడిన గాయం మీద పసుపు, ఆకు పసరు, మట్టి పెట్టరాదు. శుభ్రమైన గుడ్డ చుట్టి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

కుట్టు ఎర్రబడినా, వాచినా, రసి కారినా, తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించాలి. దుకాణంలో మాత్రలు కొని మింగితే రసి తాత్కాలికంగా ఆగుతుంది. లోపల క్రిముల పొర మాత్రం ముదురుతుంది. ఏ క్రిమో తేల్చే పరీక్ష కూడా సరిగా రాకపోవచ్చు. తొలి వారాల్లోనే వస్తే లోపల శుభ్రం చేసి రాడ్డును కాపాడే వీలుంటుంది. కోతలయ్యాక వెళదామని, సంత రోజున చూపిద్దామని ఆగకుండా, రసి కనిపించిన రోజే బయలుదేరడం మేలు.