మీటర్‌లో కిలోమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి?

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎలక్ట్రిక్ కారులో బయల్దేరారనుకోండి. దూరం సుమారు 270 కిలోమీటర్లు. బ్యాటరీలో వాడుకోగల కరెంటు 40 యూనిట్లు. దారంతా 80 కి.మీ. వేగం, ఏసీ నడుస్తూనే ఉంది. కారు విజయవాడ చేరుతుంది. ఇంకో 20 కిలోమీటర్లకు సరిపడా చార్జి కూడా మిగులుతుంది. అక్కడ మళ్లీ నూటికి నూరు శాతం చార్జింగ్ పెట్టి, అదే వేగంతో, అదే ఏసీతో, అదే దారిన వెనక్కి వస్తే మాత్రం హైదరాబాద్ శివార్లలోని హయత్‌నగర్ రాకముందే కారు ఆగిపోతుంది. 17 కిలోమీటర్లు తక్కువ పడతాయి. విజయవాడలో బయల్దేరేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద 290 కిలోమీటర్ల రేంజ్ కనిపించి ఉంటుంది.

కారులో లోపం లేదు. మీటర్ చేసిన లెక్కలోనూ తప్పు లేదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, విజయవాడ 20 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులతో కలిపి 1,700 కిలోల బరువుండే కారును 520 మీటర్లు పైకి చేర్చాలంటే, మోటారులో పోయే నష్టంతో కలిపి, సుమారు 2.7 యూనిట్లు అదనంగా కావాలి. కిందికి వచ్చేటప్పుడు దాదాపు అంతే ఆదా అవుతుంది. 270 కిలోమీటర్ల పొడవునా పరచుకున్న వాలు కాబట్టి కంటికి ఆనదు, కాలికీ తెలియదు. కానీ కిలోమీటరుకు 10 వాట్ అవర్ల తేడా తెస్తుంది. ఎత్తుపల్లాలు లేని రోడ్డు మీద ఈ కారు కిలోమీటరుకు 148 వాట్ అవర్లు తాగితే, విజయవాడ వైపు 138, హైదరాబాద్ వైపు 158. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు. 40 యూనిట్లను ఆ అంకెలతో భాగించండి: పోయేటప్పుడు 290 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 253.

ఇక్కడ వేస్తున్న లెక్కలన్నీ ఇలాంటి ఒక మధ్యస్థ ఎస్‌యూవీకి భౌతికశాస్త్ర సూత్రాలతో వేసినవి. మీ కారుకు అంకెలు కొంత మారతాయి, వాటి మధ్య నిష్పత్తులు పెద్దగా మారవు.

ఒక భాగహారం, రెండు అంచనాలు

డ్యాష్‌బోర్డు మీద కనిపించే రేంజ్‌ను కారులో ఏ సెన్సరూ కొలవదు. బ్యాటరీలో మిగిలిన కరెంటు లవం, కిలోమీటరుకు అవుతున్న ఖర్చు హారం. లవాన్ని హారంతో భాగిస్తే వచ్చేదే ఆ కిలోమీటర్ల అంకె. హారం ఎక్కడిదంటే, ఇంతకుముందు మీరు నడిపిన దూరానిది. ముందున్న దారి సంగతి దానికి తెలియదు. నిన్న భోజనానికి వచ్చిన చుట్టాలను లెక్కేసి ఇవాళ ఎసరు పెట్టినట్టు, గడిచిన కిలోమీటర్ల సగటుతో రాబోయే కిలోమీటర్లను లెక్కేస్తుంది. ఎన్ని కిలోమీటర్ల సగటు తీసుకోవాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా నిర్ణయించుకుంటుంది. కొన్ని కార్లలో ఆ సగటు పొడవైనది, మీటర్ నిదానంగా కదులుతుంది. కొన్నింటిలో పొట్టిది, ఒక ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, అంకె పడిపోతుంది. మరికొన్ని కార్లు మీరు నడిపే తీరును పట్టించుకోకుండా, ప్రభుత్వ పరీక్షలో వచ్చిన ఖర్చునే హారంగా పెట్టి శాతాన్ని కిలోమీటర్లుగా మార్చి చూపిస్తాయి.

పెట్రోలు కారులోనూ ఇలాంటి అంకె ఉంటుంది కదా, దాన్ని ఎవరూ ఇంతగా పట్టించుకోరెందుకు? ఒక లీటరు పెట్రోలులో దాదాపు 8.9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే మన 40 యూనిట్ల బ్యాటరీ మొత్తం కలిపి నాలుగున్నర లీటర్ల పెట్రోలుతో సమానం. అంత కొద్ది శక్తితో 250 కిలోమీటర్లు పోవడం ఎలక్ట్రిక్ మోటారు గొప్పతనం. కానీ మొత్తం నిల్వే చిన్నది కాబట్టి ఏసీ, ఎదురుగాలి, వాలు, టైర్లలో తగ్గిన గాలి అన్నీ లెక్కకు వస్తాయి. పెట్రోలు ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగాన్ని ఎలాగూ వేడిగా పారబోస్తుంది. ఆ వృథాలో ఇవన్నీ కలిసిపోతాయి. పైగా అంచనా తప్పినా ఏదో ఒక బంకు దగ్గర ఐదు నిమిషాల్లో సరిదిద్దుకోవచ్చు.

వేగం, ఏసీ, కొండ

హారాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో గాలిని చీల్చుకుపోవడానికి కిలోమీటరుకు 68 వాట్ అవర్లు కావాల్సిన కారుకు 100లో 107, 120లో 154 కావాలి. టైర్ల రాపిడికి ఏ వేగంలోనైనా దాదాపు 46. వీటికి మోటారు నష్టాలు, ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ కలిపితే మొత్తం 80లో 148, 100లో 189, 120లో 240 అవుతుంది. 40 యూనిట్లతో పోగల దూరం వరుసగా 270, 212, 167 కిలోమీటర్లు. 80 నుంచి 120కి పోతే వంద కిలోమీటర్ల మీద మిగిలే సమయం 25 నిమిషాలు. కోల్పోయే రేంజ్ 100 కిలోమీటర్లకు పైనే. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోయేవారికి మీటర్‌లో అంకె రోడ్డు కంటే ముందు కరిగిపోతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఏసీ లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. అది కిలోమీటర్లను బట్టి కాకుండా గంటలను బట్టి తింటుంది. హైవే మీద 80లో పోతుంటే ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ కిలోమీటరుకు 19 వాట్ అవర్లే తీసుకుంటుంది. సాయంత్రం వేళ ట్రాఫిక్‌లో 20 కి.మీ. వేగంతో నత్తనడక నడుస్తుంటే అదే ఏసీ కిలోమీటరుకు 75 తీసుకుంటుంది. గంటసేపు కదలకుండా నిలబడితే ఒకటిన్నర యూనిట్, అంటే బ్యాటరీలో దాదాపు 4 శాతం. మే నెలలో విజయవాడ ఎండలో నిలబెట్టిన కారును మొదట చల్లబరచడానికి ఏసీ అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. అందుకే చిన్న చిన్న ప్రయాణాలు చేసేవారి సగటు ఎప్పుడూ చెడ్డగానే కనిపిస్తుంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షిస్తే, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసినప్పుడు రేంజ్ సగటున 17 శాతం తగ్గింది. సున్నాకు 7 డిగ్రీల దిగువన హీటర్ వేసినప్పుడు 41 శాతం తగ్గింది. షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు జనవరిలో పడే ఇబ్బంది మన ఎండాకాలపు ఇబ్బంది కంటే రెట్టింపు పైనే.

ఇక కొండ. మీటర్ ఎక్కువగా భయపెట్టేది ఇక్కడే, అదీ ఊరికే. తిరుపతి నుంచి తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు, ఘాట్ రోడ్డు 18 కిలోమీటర్లు. అలిపిరిలో 80 శాతం చార్జితో బయల్దేరితే రేంజ్ 216 కిలోమీటర్లు చూపిస్తుంది. కొండెక్కేటప్పటికి 5.7 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ 18 కిలోమీటర్లలో సగటు ఖర్చు కిలోమీటరుకు 317 వాట్ అవర్లు. మీ కారు దగ్గరి సగటును నమ్మే రకమైతే, కొండ మీద మీటర్ 83 కిలోమీటర్లు అంటుంది. ఇల్లు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి గుండె జారిపోతుంది. కానీ దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, రాపిడీ ఏసీ ఖర్చులు పోను, దాదాపు 0.9 యూనిట్ వెనక్కిస్తుంది. కిందికి వచ్చేసరికి 68 శాతం, మైదానం మీద 184 కిలోమీటర్ల రేంజ్ మిగిలే ఉంటుంది. రానూపోనూ కలిపి చూస్తే కిలోమీటరుకు 133 వాట్ అవర్లే పడింది, మామూలు హైవే ప్రయాణం కంటే తక్కువ. ఒక్క జాగ్రత్త: కొండ మీద నూరు శాతం చార్జింగ్ చేసుకుని దిగకండి. నిండిన బ్యాటరీ వెనక్కి వచ్చే కరెంటును తీసుకోలేదు, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

బ్యాటరీ శాతమూ అంచనాయే

లవం గురించి క్లుప్తంగా. బ్యాటరీలో ఎంత మిగిలిందో చూడటానికి పెట్రోలు ట్యాంకులోలాగా తేలే బుడ్డి ఏదీ ఉండదు. లోపలికి పోయిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు లెక్కపెడుతూ, సెల్ వోల్టేజీతో సరిచూసుకుంటూ కారు శాతం చూపిస్తుంది. నికెల్ కలిసిన సెల్‌లో 20 శాతం నుంచి 80 శాతానికి వోల్టేజీ స్పష్టంగా పెరుగుతుంది కాబట్టి సరిచూసుకోవడం తేలిక. మన దేశంలో చాలా కార్లలో వాడే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌లో అదే 60 శాతం మేర వోల్టేజీ దాదాపు 0.1 వోల్టు మాత్రమే మారుతుంది. దాంతో చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. శాతంలో 3 తప్పు దొర్లితే మన కారులో 8 కిలోమీటర్లు మాయం. ఎల్ఎఫ్‌పీ కార్లను అప్పుడప్పుడూ నూరు శాతం దాకా చార్జింగ్ చేయమని కంపెనీలు చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం: అక్కడ వోల్టేజీ ఒక్కసారిగా పెరుగుతుంది, కారుకు తన లెక్క సరిదిద్దుకునే గుర్తు దొరుకుతుంది. మీ కారు పుస్తకంలో ఈ మాట ఉంటే పాటించండి.

మరి షోరూమ్‌లో చెప్పే రేంజ్ సంగతి? టాటా నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల మోడల్‌కు మన దేశపు ఎంఐడీసీ పరీక్షలో వచ్చిన రేంజ్ 489 కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకు 92 వాట్ అవర్లు. ఆ పరీక్షలో వేగం 90 దాటదు, అదీ కాసేపే, ఏసీ కట్టేసి ఉంటుంది. అదే కారుకు, వాడుకరుల్లో నూటికి 75 మందికి అందే రేంజ్ అంటూ కంపెనీయే 350 నుంచి 370 కిలోమీటర్ల అంకె కూడా ప్రకటించింది. దాన్ని భాగిస్తే సుమారు 125. ఒక కంపెనీ తన పరీక్ష అంకె పక్కనే నాలుగో వంతు తక్కువ అంకెను తానే పెట్టడం మెచ్చుకోదగ్గ పని, అందరూ చేయాల్సిన పని. చెప్పకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. చలిలో రేంజ్ ఎంత పడిపోతుందో కొనేవారికి చెప్పలేదంటూ అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2023 జనవరిలో టెస్లాకు 285 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. ఏడాది తిరిగేసరికి 2024 జనవరిలో అమెరికాలో మోడల్ వై లాంగ్ రేంజ్ అంకెను ఆ కంపెనీ 330 మైళ్ల నుంచి 310 మైళ్లకు తగ్గించింది.

దూరప్రయాణంలో కిలోమీటర్ల అంకెను వదిలేసి రెండింటిని చూడండి: బ్యాటరీ శాతం, కిలోమీటరుకు ఖర్చు. కొన్ని కార్లలో ఈ రెండోది యూనిట్‌కు ఇన్ని కిలోమీటర్లని ఉంటుంది. 148 వాట్ అవర్లంటే యూనిట్‌కు 6.8 కిలోమీటర్లు. 40 యూనిట్ల కారులో ఒక శాతం అంటే 0.4 యూనిట్. వంద వేగంలో పోతుంటే శాతానికి రెండు కిలోమీటర్లని నోటిలెక్క వేసుకోండి, 60 శాతం ఉంటే 120 కిలోమీటర్లు. అందులో 15 శాతం చేతిలో ఉంచుకుని చార్జర్ ఎంచుకోండి, ఎందుకంటే మీరు చేరేసరికి ఆ చార్జర్ ఖాళీగా ఉండకపోవచ్చు, పని చేయకపోవచ్చు. కారులోనే ఉన్న మ్యాప్‌లో గమ్యం పెట్టుకుంటే, చేరేసరికి ఎంత శాతం మిగులుతుందో చూపించే కార్లు ఇప్పుడు వస్తున్నాయి. దారిలో ఎత్తుపల్లాలను కూడా కలిపి లెక్కేసేదైతే దాని మాట మామూలు మీటర్ మాట కంటే ఎన్నో రెట్లు నమ్మదగింది.

తయారీదారులకు ఒక విన్నపం. 290 అని ఒంటి అంకె చూపించి జనాన్ని రోడ్డు మీదికి పంపకండి. తక్కువలో తక్కువ 210, ఎక్కువలో ఎక్కువ 290 అని రెండు అంకెలు చూపించండి. ఆ లెక్క వేయడానికి కావాల్సిన సమాచారమంతా ఇప్పటికే కారులో ఉంది. కొనేవారు కూడా షోరూమ్‌లో "ఫుల్ చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని అడగడం మానేసి, "వంద వేగంలో, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుంటే కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు అవుతుంది?" అని అడగండి. జవాబు రాకపోతే టెస్ట్ డ్రైవ్‌కు హైవే మీదికి తీసుకెళ్లమనండి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, పోయిన దారినే తిరిగొచ్చి, ఆ అంకె మీరే చదువుకోండి.