చివరివాడిగా చేరినా చాలనుకున్నాడు!

లండన్‌లో బయల్దేరినవి 98 కార్లు. సిడ్నీ చేరినవి 56. మధ్యలో ఎడారులు, కనుమలు, ఓ మహాసముద్రం. గెలిచింది మాత్రం ఎవరూ అనుకోని కారు. 1968 నాటి లండన్-సిడ్నీ మారథాన్ కథ ఇది.

1968 డిసెంబరు 17. ఆస్ట్రేలియాలోని నౌరా పట్టణానికి దగ్గర్లో ఓ రోడ్డు. ముందు వెళ్తున్నది సిట్రోయెన్ డీఎస్. అందులో బెల్జియం డ్రైవర్ లూసియెన్ బియాంకీ, అతని తోడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్ క్లాడ్ ఓజియే. మూడు వారాలకు పైగా సాగిన పోటీలో వాళ్లదే ఆధిక్యం. సిడ్నీ ఇంకో 160 కిలోమీటర్లు కూడా లేదు. తొందరపడక్కర్లేదు, జాగ్రత్తగా వెళ్లి చేరితే చాలు... బహుమతి వాళ్లదే.

ర్యాలీ కోసం మూసేశారనుకున్న ఆ రోడ్డు మీదికి ఎదురుగా ఓ మినీ కారు వచ్చింది. రెండూ ఢీకొన్నాయి. సిట్రోయెన్ ముందుభాగం నుజ్జయిపోయింది. బియాంకీ తీవ్రంగా గాయపడ్డాడు.

వెనకే వస్తున్న ప్యాడీ హాప్‌కిర్క్ తన ఆస్టిన్ 1800ని ఆపేశాడు. 1964లో మాంటెకార్లో ర్యాలీ గెలిచిన మొనగాడతను. ఒక్కో నిమిషం ఆలస్యానికి ఒక్కో పాయింటు పోయే పోటీ అది. అయినా ముందు మనుషుల సంగతి చూశాడు.

భోజనాల బల్ల దగ్గర...

ఇంత పెద్ద పోటీకి బీజం పడింది 1967 చివర్లో, ఓ మధ్యాహ్న భోజనం దగ్గర. అప్పుడు బ్రిటన్ పరిస్థితి ఏం బాగాలేదు. పౌండు విలువని 14 శాతం తగ్గించారు. జనం నీరసపడిపోయారు. డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక అధిపతి సర్ మాక్స్ ఎయిట్‌కెన్, తన మిత్రులతో కలిసి ఏదన్నా ఉత్సాహం తెచ్చే పని చేద్దామనుకున్నాడు. బ్రిటిష్ కార్ల సత్తా వాటిని అమ్మాలనుకునే దేశాల్లోనే చూపిస్తే పోలా? సిడ్నీలోని డైలీ టెలిగ్రాఫ్ పత్రిక కూడా చేయి కలిపింది. మొదటి బహుమతి 10 వేల పౌండ్లు. దూరం సుమారు 10 వేల మైళ్లు.

నవంబరు 24, ఆదివారం. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జెండా ఊపారు. పారిస్, ట్యూరిన్, బెల్‌గ్రేడ్, ఇస్తాంబుల్... అక్కడిదాకా విహారయాత్రే అనుకోవచ్చు. అసలు పరీక్ష తూర్పు టర్కీలో మొదలైంది. శివాస్ నుంచి ఎర్జింజాన్ వరకూ కొండల్లో మట్టిరోడ్డు. అక్కడ అందరికంటే వేగంగా వెళ్లింది ఇంగ్లండ్‌కి చెందిన రోజర్ క్లార్క్. అతనిది లోటస్ కార్టినా.

అక్కణ్నుంచి టెహ్రాన్. టెహ్రాన్ నుంచి కాబూల్‌కి సుమారు పదిహేను వందల మైళ్లు. దానికి ఇచ్చిన గడువు ఒక్క రోజు కూడా లేదు! ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక సీట్లో కునుకు తీయడం... అంతే నిద్ర. కాబూల్లో మాత్రం కాసేపు విశ్రాంతి దొరికింది. నిర్వాహకులకు జాలి కలిగి కాదు, రాత్రిపూట ఖైబర్ కనుమ మూసేస్తారు కాబట్టి! తర్వాత గుండెలదరగొట్టే లాతాబంద్ కనుమ దాటి సరోబీ, ఆపైన పాకిస్థాన్, లాహోర్, ఢిల్లీ. భారత్-పాక్ యుద్ధం జరిగి అప్పటికి మూడేళ్లే. అయినా కార్లు సరిహద్దు దాటి వచ్చేశాయి.

ఢిల్లీ నుంచి బొంబాయి వరకూ రోడ్డుకి రెండు పక్కలా జనం. బొంబాయి చేరిన కార్లు 72. వాటిని చుసాన్ అనే ఓడ ఎక్కించారు. హిందూ మహాసముద్రం దాటి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు చేరేదాకా ఎవరూ స్టీరింగు ముట్టుకునే పనిలేదు. అప్పటికి ముందున్నది క్లార్క్.

ఆరో స్థానంలో ఓ రైతు

మరి మన కథానాయకుడు? పేరు ఆండ్రూ కోవన్. స్కాట్లాండ్‌లోని డన్స్ ప్రాంతంలో వ్యవసాయం చేసే మనిషి. బొంబాయిలో అతనిది ఆరో స్థానం. తోడు కొలిన్ మాల్కిన్, బ్రయన్ కోయిల్. కారు హిల్‌మన్ హంటర్. సంసారులు ఆఫీసుకి వెళ్లొచ్చే బండి. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మారురూపమైనట్టే, ఈ హంటర్‌ని ఇరాన్‌లో 1967 నుంచి పేకాన్ పేరుతో తయారుచేశారు. అంటే ర్యాలీ టెహ్రాన్‌లోకి వెళ్లినప్పుడు అది సగం పుట్టింటికి వెళ్లినట్టే!

కంపెనీని కోవన్ అడిగిన కోరిక వింటే నవ్వొస్తుంది. చివరి స్థానంలోనైనా సరే, సిడ్నీ దాకా చేరే కారు కావాలన్నాడు. చాలామంది అసలు చేరరని అతని లెక్క. లెక్క తప్పలేదు.

డిసెంబరు 14 సాయంత్రం పెర్త్‌లో పోటీ మళ్లీ మొదలైంది. సిడ్నీకి మూడు రోజులు. నల్లార్‌బార్ మైదానం, ఫ్లిండర్స్ కొండలు, చివర్లో విక్టోరియా పర్వతాలు. ఇక్కడే వేగవంతుల వంతు వచ్చింది. క్లార్క్ ఇంజిన్ దెబ్బతింది. తమ జట్టులోనే ఉన్న మరో కార్టినా నుంచి భాగాలు ఊడదీసి బిగించుకున్నాడు. మళ్లీ పరుగు. ఈసారి వెనక యాక్సిల్ పోయింది. దారిలో ఓ పెద్దమనిషి కార్టినా కనిపిస్తే, బతిమాలి, ఒప్పించి, ఆ కారు యాక్సిల్ కొనేసుకున్నాడట! ఆ కారు యజమాని ఇంటికెలా వెళ్లాడో మరి... ఇంత చేసినా క్లార్క్‌కి దక్కింది పదో స్థానం.

హంటర్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. వెనకబడినవాళ్లని ఒక్కొక్కరినీ దాటుతూ రెండో స్థానానికి వచ్చింది. నౌరా దగ్గర బియాంకీ కారు ఆగిపోయాక ముందు ఇంకెవరూ లేరు. సిడ్నీలోని వార్విక్ ఫామ్ దగ్గర లెక్క తేలింది. కోవన్ పోగొట్టుకున్నవి 50 పాయింట్లు, హాప్‌కిర్క్ 56, ఫోర్డ్ ఫాల్కన్ నడిపిన ఇయాన్ వాన్ 62. పది వేల మైళ్ల తర్వాత మొదటి ఇద్దరి మధ్య తేడా ఆరంటే ఆరు నిమిషాలు!

బియాంకీ గాయాల నుంచి కోలుకున్నాడు. ర్యాలీకి రెండు నెలల ముందే పెడ్రో రోడ్రిగెజ్‌తో కలిసి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన వీరుడతను. మళ్లీ అదే ట్రాక్‌కి వెళ్లాడు. 1969 మార్చిలో అక్కడ ఆల్ఫా రోమియోని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. 2014లో జపాన్ గ్రాండ్‌ప్రీలో గాయపడి మరుసటి ఏడాది కన్నుమూసిన జూల్ బియాంకీకి ఈయన తాతగారి సోదరుడు.

1977లో లండన్-సిడ్నీ పోటీ మళ్లీ జరిగింది. ఈసారి కార్లు ఓడ ఎక్కింది మద్రాసులో, దిగింది మలేషియాలోని పెనాంగ్‌లో. గెలిచింది... మళ్లీ కోవనే. కారు మాత్రం మెర్సిడెస్. ఆ తర్వాత రెండేళ్లకి, 1979లో, ఇరాన్‌లో విప్లవం వచ్చింది. అదే ఏడాది చివర్లో అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సైన్యం దిగింది. గడియారం చూసుకుంటూ కోవన్ హంటర్‌ని నడిపిన టెహ్రాన్-కాబూల్ రోడ్డు ఆ తర్వాత పోటీ కార్లు వెళ్లే దారిగా మిగల్లేదు.