దాచిన పెట్టె

శ్రోతలకు నేడొక వినోదమును పరిచయము చేయుచున్నాము. ఉపగ్రహ సంకేతముల సాయమున, ఒకరు దాచిన పెట్టెను మరియొకరు వెదకి పట్టుటయే జియోకాషింగ్.

2000 మే ఆరంభమున అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. సంకేతములలో తాను కావలెనని కలిపిన దోషమును తొలగించెను. 100 మీటర్ల వరకు తప్పుచుండిన గురి 20 మీటర్ల లోపునకు వచ్చెను. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ ఆరిగన్ రాష్ట్రమున నొక బక్కెట్టును సగము పాతి, అందు కొన్ని వస్తువులను, పుస్తకమును, పెన్సిలును ఉంచి, అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను.

కావలసిన సామగ్రి స్వల్పమే: జి.పి.ఎస్. గల ఫోను, కలము, గట్టి చెప్పులు, త్రాగునీరు. యంత్రము దగ్గరకు మాత్రమే చేర్చును. ఆపైన కన్నులే దిక్కు.

పెట్టె దొరకినచో పుస్తకమున పేరు, తేదీ వ్రాయవలెను. అందొక వస్తువును గ్రహించినచో, దానికి సమమైనదో మిన్నయైనదో ఉంచవలెను. బొమ్మను గైకొని విరిగిన గుండీ నుంచుట మర్యాద కాదు. ఉల్మర్ బక్కెట్టులో చిక్కుడుగింజల డబ్బా యుండెను. నేడు తినుబండారములు నిషిద్ధములు, వాసనకు జంతువులు వచ్చును గదా! స్థలము గలవారి యనుమతి లేక పెట్టెను దాచరాదు. తీసిన పెట్టెను తీసిన చోటనే, పరుల కంటబడకుండ, మరల ఉంచవలెను.

ఈ పెట్టెకు కావలివాడు లేడు. మన వెనుక వచ్చు బాలుడు మూత తెరచినప్పుడు అందేమి కనబడునో, అది మన చేతిలోనే యున్నది.