నీడ లేని వెలుగు

ఫోటోల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని పిలిచినప్పుడు మాకు నవ్వు వచ్చింది. మదరసాలో చదువుకుని, ఉర్దూ, తెలుగు పాఠాలు చెప్పుకుంటూ యాభై దాటిన మాకు కెమెరాతో పరిచయం పాస్‌పోర్టు సైజు ఫోటో వరకే. "కెమెరా తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు మాస్టారూ, పిల్లల సంగతి తెలిసినవారు ఒకరు కావాలి" అన్నారు పిలిచినవారు. కాదనలేకపోయాం. శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో కాలేజీ విద్యార్థుల కోసం పెట్టిన చిన్న పోటీ అది. ఇచ్చిన అంశం 'వెలుగు'.

అరసవల్లికి తగిన అంశమే. ఇక్కడి సూర్యదేవాలయంలో మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు ద్వారాల గుండా లోపలికి వెళ్ళి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం జనం తెల్లవారుజామునే వచ్చి నిలబడతారు. మబ్బు పట్టిందా, ఆ రోజుకి అంతే. ఏ మతం వారైనా సరే, వెలుగు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో ఈ చుట్టుపక్కల వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఫోటో కూడా వెలుగు చేసే పనే. దాని మూలం వెతికితే ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పక తప్పదు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో స్థిరపడి 'కితాబుల్ మనాజిర్' రాసిన పండితుడాయన. కంటి నుంచి చూపు బయటికి వెళ్ళదని, వస్తువు మీద పడిన వెలుగే కంట్లోకి వస్తుందని ఆయన వివరించాడు. చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి వచ్చే కాంతి ఎదుటి గోడ మీద ఎలా పడుతుందో పరీక్షించాడు. నేటి కెమెరా కూడా ఒక చీకటి గదే. బయట ఉన్న వెలుగు లోపలికి వచ్చి వేసిన ముద్రే ఫోటో. బయట లేనిది లోపల కనబడకూడదు. ఆ రోజు మాకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇక్కడే.

పోటీకి అరవైకి పైగా ఫోటోలు వచ్చాయి. పేర్లు దాచి నంబర్లు వేశారు. మేము ముగ్గురం విడివిడిగా మార్కులు వేస్తే చివరికి రెండు మిగిలాయి. మొదటిది ఇంద్ర పుష్కరిణి గట్టున నిలబడ్డ జనం. మబ్బుల్ని చీల్చుకుని బంగారు కిరణం ఒకటి వారి మీద ఏటవాలుగా పడుతోంది. రెండోది పూలమ్ముకునే ఒక అవ్వ. చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని తూర్పు వైపు చూస్తోంది. ఫోటో కాస్త వాలింది, అంచు కొంచెం మసకబారింది. మేము మరో ఆలోచన లేకుండా మొదటిదానికే ఓటు వేశాం.

మాతో కూర్చున్నవారిలో ముప్ఫై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్న పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "కిరణం ఇంత పదునుగా ఉంది కదండీ, మరి జనం కాళ్ళ దగ్గర నీడలేవీ?" అన్నారు. చూశాం. నిజమే, ఒక్కరికీ నీడ లేదు. మబ్బు పట్టిన రోజున వెలుగు అన్ని వైపుల నుంచీ సమంగా వస్తుంది కాబట్టి నీడలు పడవట. ఎండ ఉంటే నీడ ఉండి తీరాలి.

అబ్బాయిని పిలిపించాం. దాచలేదు పాపం. "ఆ రోజు మబ్బండీ. కిరణం రాలేదు. ఫోన్లో పెట్టాను. పెట్టకూడదని రూల్సులో లేదు కదా మాస్టారూ!" అన్నాడు. నిబంధనల కాగితం తెప్పించి చదివాం. నిజంగానే లేదు. దాని కింద సంతకం చేసిన ముగ్గురిలో మేమూ ఒకరం. వాడిని తప్పు పట్టాలని నోరు తెరిచిన మేము నోరు మూసుకోవలసి వచ్చింది.

ఇది చిన్న ఊళ్ళ అమాయకత్వం అనుకోకండి. 2023లో సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచిన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్‌సెన్ తన చిత్రం కృత్రిమ మేధతో చేసిందని చెప్పి బహుమతి వద్దన్నాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే దీన్ని తిరగేశాడు. తాను తీసిన నిజమైన ఫ్లెమింగో ఫోటోను మరో పోటీలోని కృత్రిమ మేధ విభాగానికి పంపి, అక్కడ గెలిచి, సంగతి తానే బయటపెట్టి అనర్హుడయ్యాడు. కన్ను చూసి చెప్పగలిగేది 'బాగుంది' అన్నంత వరకే. 'ఇది జరిగింది' అని చెప్పాలంటే కన్ను చాలదు.

హదీసు విద్య చదివినవారికి ఇది కొత్త కాదు. మాట ఎంత అందంగా ఉన్నా దాని సనద్ అడుగుతారు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, మధ్యలో కొండి ఎక్కడైనా తెగిందా అని చూస్తారు. ఫోటోకు సనద్ అంటే కెమెరాలో మొదట పడిన అసలు ఫైలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ 2015 పోటీలో అసలు ఫైళ్ళతో పోల్చి చూసి, తుది దశకు ముందు నిలిచినవాటిలో సుమారు 20 శాతం తీసేసింది. ఈ పరీక్ష దొంగను పట్టడానికే కాదు, నిజాయితీపరుణ్ణి కాపాడటానికి కూడా. గాజాలో ఇద్దరు చిన్నారుల అంతిమయాత్రను చూపే పాల్ హాన్సెన్ ఫోటోకు 2013లో అదే సంస్థ అగ్ర బహుమతి ఇస్తే, అది అతుకుల బొమ్మ అన్నారు కొందరు. నిపుణులు అసలు ఫైలు చూసి, రంగుల ఛాయలు సవరించారే గాని బొమ్మలు అతికించలేదని తేల్చారు.

ఇక ఆ అవ్వ ఫోటో. తీసిన అమ్మాయిని మేము అడిగింది ఒక్కటే: "ఆమెను అడిగే తీశావా తల్లీ?" అమ్మాయి తల దించుకుంది. "అడగలేదండీ. తీసేసి వెళ్ళిపోతుంటే ఆవిడే కేకేసింది. 'నా ఫోటో నాకు సూపించకుండా ఎల్లిపోతావేటే పిల్లా?' అంది. చూపించాను. నవ్వి, ఉంచుకోమంది." 2019లో దుబాయి వారి హమ్దాన్ అంతర్జాతీయ ఫోటోగ్రఫీ పోటీలో 1,20,000 డాలర్ల బహుమతి వియత్నాంలోని ఒక పేద తల్లి ఫోటోకు దక్కింది. తరువాత, ఆమె చుట్టూ కెమెరాలతో గుంపుగా చేరిన మనుషుల ఫోటో ఒకటి బయటపడి పెద్ద వాదమే నడిచింది. తాము ఆమెను ఏర్పాటు చేసి నిలబెట్టలేదని బహుమతి పొందినవారు చెప్పారు. ఏది ఏమైనా, ఒకరి ముఖం మన దగ్గర అమానత్. ఆ అవ్వ కేకేసి తన హక్కు తానే అడిగి పుచ్చుకుంది. కేకెయ్యలేనివారి మాటేమిటి?

మొదటి బహుమతి అవ్వ ఫోటోకే ఇచ్చాం. తరువాత అబ్బాయిని కూర్చోబెట్టి, అసలు ఫోటో చూపించమన్నాం. ఫోన్ తీసి ఇచ్చాడు. అందులో కిరణం లేదు. బూడిదరంగు ఆకాశం, మెడలు చాచి తూర్పు వైపు చూస్తున్న జనం, తండ్రి భుజాల మీద కూర్చుని వేలితో మబ్బును చూపిస్తున్న పసివాడు. రాని వెలుగు కోసం అంతమంది ఎదురుచూపు! ఆ కిరణం పెట్టాక మా చూపంతా దాని మీదికే పోయింది, ఈ ముఖాలను మేము చూడనేలేదు. "ఇదే పంపి ఉంటే మొదటి బహుమతి నీదేరా" అన్నాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇందులో తప్పు సగం మాదే. మెరిసేదానికి మార్కులు వేసే పెద్దలుంటే పిల్లలు మెరుపులే అతికిస్తారు. వచ్చే ఏటి నిబంధనల్లో అసలు ఫైలు ఇవ్వాలన్న మాట, తీసినవారి అనుమతి అడగాలన్న మాట రెండూ మా చేత్తోనే రాశాం.

పోటీలకు వెళ్ళకపోయినా, ఫోన్ చేతిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ మనం రోజూ న్యాయనిర్ణేతలమే. ఎక్కడో గొడవ జరిగిందంటూ ఒక ఫోటో వస్తుంది. చూసి, కన్నీళ్ళు పెట్టుకుని, పదిమందికి పంపుతాం. గాజాలో తన మేనకోడలి మృతదేహాన్ని ఒడిలోకి తీసుకున్న స్త్రీ ఫోటోకు, రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ మొహమ్మద్ సాలెం 2024లో వరల్డ్ ప్రెస్ ఫోటో అగ్ర బహుమతి అందుకున్నారు. అది ఆ బాధకు నిలిచే సాక్ష్యం. అదే బాధ పేరుతో ఎవరో అల్లిన దొంగ బొమ్మను మనం పంపితే, రేపు ఈ నిజమైన ఫోటోను కూడా 'ఇదీ అలాంటిదేలే' అని తోసేసేవారికి మనమే అవకాశం ఇచ్చినట్టు. బాధితుల పక్షాన నిలబడాలనుకునేవారే ఈ విషయంలో అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకొకరికి పంపే ముందు ఒక్క నిమిషం ఆగి, తీసింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడుగుదాం. జవాబు దొరక్కపోతే ఆ ఫోటో మన దగ్గరే ఆగిపోవాలి. స్టూడియో పెద్దాయన అడిగిన ప్రశ్న మన ఇళ్ళలో పిల్లలకూ నేర్పుదాం: ఇంత వెలుగు ఉంది సరే, నీడ ఏదీ?