గ్రాఫులో మన తెలుగు డబ్బాలెందుకవుతోంది?

ఇయ్యాల మన ఊళ్ళ పిల్లలు పైతాన్ నేర్చుకుంటన్నారు. మంచిదే. ఊళ్ళో మగ్గాలెన్ని, అద్దకం షెడ్లెన్ని, బోరు నీళ్ళలో ఉప్పెంత అని లెక్క తీసి మాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫు గీస్తారు. అడుగున పెడన, కృత్తివెన్ను అని తెలుగులో రాస్తే మాత్రం ఖాళీ డబ్బాలు పడతాయి. విసుగొచ్చి ఇంగ్లీషులో పెట్టేస్తారు. ఇంక గ్రామసభలో ఆ గ్రాఫు ఎవరి గురించి గీశారో వాళ్ళే చదవలేరు. అసలు నష్టం అక్కడుంది.

డబ్బాలెందుకు? ఆ లైబ్రరీ తనతో తెచ్చుకునే ఫాంటు డెజావూ సాన్స్. అందులో గ్రీకు ఉంది, రష్యన్ ఉంది, తెలుగు లేదు. బొమ్మ లేని అక్షరానికి డబ్బా గీస్తది, అంతే. 2011 జనాభా లెక్కల్లో 8.11 కోట్ల మంది చెప్పుకున్న భాషకి ఆ పెట్టెలో చోటు లేదు.

మందు చిన్నదే. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితం. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు పేరుతో ఒకటుంది. మండలి అని ఇంకోటుంది, దివిసీమోళ్ళకి ఆ పేరు కొత్త కాదు. టీటీఎఫ్ ఫైలు దింపుకుని, ఫాంట్ మేనేజర్‌లో యాడ్‌ఫాంట్‌కి ఆ ఫైలున్న చోటు చెప్పండి. తర్వాత ఆర్‌సీపారామ్స్‌లో ఫాంట్ ఫ్యామిలీ కింద మండలి, డెజావూ సాన్స్ రెండూ వరసగా ఇవ్వండి. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి, మొదటి ఫాంటులో దొరకని గుర్తుని రెండోదాంట్లో వెతుక్కుంటది.

డబ్బాలు పోతాయి. ఒత్తులు మాత్రం విడిపోవచ్చు. కంప్యూటరుకి ‘త్తి’ అంటే త, పొల్లు, త, గుడి అని నాలుగు ముక్కలు. మన కలంకారీనే చూడండి. గీతకో అచ్చు, రంగుకో అచ్చు. అచ్చులన్నీ ఉన్నా, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూచోబెట్టే చెయ్యి లేకపోతే పువ్వు చెదిరిపోద్ది. ఫాంటు అచ్చుల పెట్టె అయితే, ఆ చేతి పనిని షేపింగ్ అంటారు. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తది. మాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ళ తరబడి అది లేకుండానే నడిచింది.

దారి ఉంది. ఆర్‌సీపారామ్స్‌లో ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ని ‘నన్’ చేసి, గ్రాఫుని ఎస్‌వీజీగా దాచుకోండి. అప్పుడు అక్షరాలు బొమ్మలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి. ఫాంటుని సిస్టంలో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫైలుని బ్రౌజరులో తెరిస్తే ఒత్తులు చోటులో కూచుంటాయి. అక్కణ్ణుంచి పీడీఎఫ్‌గా ప్రింటు తీసుకోవచ్చు. ప్లాట్‌లీ వాడేవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ, అది గీసేదే బ్రౌజరులో. సైజు కాస్త పెద్దది పెట్టండి, చిన్న సైజులో ఒత్తులు అలుక్కుపోతాయి.

‘తెలుగు గ్రాఫుకి పనికిరాదు’ అని ఎవరన్నా అంటే నమ్మమాకండి. పనికిరానిది సాఫ్ట్‌వేరు సెట్టింగు, భాష కాదు. మన నీళ్ళ లెక్క, మన కూలి లెక్క మన అమ్మ చదవగలిగేట్టు గీయండి. అప్పుడే అది ఊరి లెక్క అవుద్ది.