రాజీనామా - విద్యాపీఠ గౌరవము

విశ్వవిద్యాలయమున నుద్యోగము ముగియు మార్గములు ప్రధానముగ మూఁడు: వయఃపరిమితి, రాజీనామా, తొలగింపు. మొదటిది కాలము చేతిలోనిది. కడపటిది అధికారుల చేతిలోనిది. రాజీనామా యొక్కటియే ఉద్యోగి చేతిలోనిది.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకుఁ బ్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగాఁ బదవిని త్యజించిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానము నలంకరించిరి. 1936లో రెడ్డిగారు మరల నా పీఠమునకే వచ్చి 1949 వఱకు నిర్వహించిరి. గౌరవముతో విడిచినవానికిఁ దలుపు మూయఁబడలేదు.

అంతటి పలుకుబడి సామాన్యాధ్యాపకునకు, గుమాస్తాకు నెక్కడిది? అతఁడు వ్రాఁతమూలకముగ ముందే తెలిపి, పుస్తకములను, తాళపుచెవులను అప్పగించి, లెక్క తీర్చి వెడలవలెను. ఇది న్యాయమే. కాని సంస్థ తన లెక్క తీర్పవలదా? 1972 నాఁటి గ్రాట్యుటీ చట్టము వర్తించినచోట, 5 ఏండ్లు ఎడతెగక పనిచేసినవాఁడు రాజీనామా యిచ్చినను ఆ సొమ్మునకు హక్కుదారుఁడై యుండెను. 30 దినములలోఁ జెల్లింపవలసి యుండెను. 2009 సవరణముచే నధ్యాపకులు నిందుఁ జేరిరి. తనకు రావలసిన సొమ్మునకై గురువును గుమ్మముల చుట్టును ద్రిప్పు విద్యాలయము శిష్యులకు నేర్పు నీతి యేమి? స్వాగతమునకు సభ చేయు సంస్థలు, వీడ్కోలునకు సకాలమున లెక్కయైనను దీర్పవలెను.