పాలు పిండి గట్టున పారబోయాల్సిందేనా?

మిరప కోతలప్పుడు ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా తెల్లారకముందే కూలోళ్ల ఆటో కదులుద్ది. అందులో మూణ్ణెల్ల బిడ్డను అత్త చేతిలో పెట్టి వచ్చిన తల్లి ఉంటది. పది గంటలకల్లా పాలు చేపుకొచ్చి రవిక తడుస్తది, రొమ్ములు రాయిలా బిగుస్తాయి. చెట్టు చాటుకు పోయి పిండి, గట్టున పారబోసి వస్తది. ఇంటికాడ బిడ్డకేమో డబ్బాపాలు. ఆ డబ్బా కొనేది ఈ కూలి డబ్బుతోనే. ఇదెక్కడి లెక్క?

తమ్ముళ్లూ, ఇది ఆడోళ్ల ముచ్చట అని పక్కకు జరపమాకండి. మీ వదిన, మీ అక్క, రేపు మీ భార్య సంగతే ఇది.

రొమ్ము ఊటబావి లాంటిది. తోడేకొద్దీ ఊరుద్ది. తోడకుండా వదిలేస్తే పాలు అవసరం లేదనుకుని ఒళ్లే తగ్గించేస్తది. పైగా గడ్డకట్టి, ఎర్రబడి, జ్వరం వచ్చిద్ది. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవాలి, పాలివ్వడం మాత్రం ఆపకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలని, తర్వాత తిండితో పాటు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పాలు తీయడానికి మెడికల్ షాపుల్లో పంపులు దొరుకుతాయి. చవగ్గా వచ్చే రబ్బరు బుడ్డి పంపు వద్దు. పాలు బుడ్డిలోకి పోయి, లోపల కడగటం కుదరదు. చేత్తో నొక్కేదైనా, కరెంటుదైనా విడదీసి కడిగేదే కొనాలి. ప్రతిసారీ సబ్బుతో కడగాలి, రోజుకొకసారి ఐదు నిమిషాలు నీళ్లలో మరగబెట్టాలి. ఒకరి పంపు ఇంకొకరు వాడకూడదు.

పంపు కొనలేకపోతే చెయ్యి ఉంది. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు ఒక అంగుళం వెనక పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి, ఆపైన రెండు వేళ్లూ దగ్గరకు నొక్కి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. ఒక్క జాగ్రత్త: మిరపకాయ కోసిన చేతులకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఒట్టి నీళ్లకు ఆ ఘాటు పోదు. పత్తి చేలో మందు కొట్టి ఉంటే రవిక కూడా మార్చుకోవాలి.

తీసిన పాలు 25 డిగ్రీలు దాటని చోట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఐసు నింపిన పెట్టెలో 24 గంటలు ఉంటాయి. మన ఎండల్లో ఐసు లేకుండా చేలో పాలు దాచొద్దు. తెల్లారుజామున తీసి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి పోవడం మేలు. తాగించేటప్పుడు కాచకుండా, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి. సీసా వద్దు, ఉగ్గుగిన్నె చాలు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

ఎండన పడొచ్చిన తల్లి పాలు వేడిచేస్తాయని ముందు పిండి పారబోయిస్తారు పెద్దోళ్లు. రొమ్ములో ఉన్న పాలు ఎండకు చెడవు. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని ఇవ్వొచ్చు.

ఇక చట్టం సంగతి. 2017 సవరణతో ఉద్యోగం చేసే తల్లికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పనిలో రెండుసార్లు పాలిచ్చే విరామం, 50 మంది గానీ, ఆపైన గానీ పనిచేసే చోట శిశుసంరక్షణ గది కూడా ఉండాలి. చేలో కూలికి పోయే తల్లికి ఇవేవీ లేవు. కేంద్రం మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలు. ఆ 26 వారాలకు, అంటే 182 రోజులకు పంచితే రోజుకు 27 రూపాయలు. ఆ డబ్బుతో ఏ తల్లి ఇంటికాడ కూర్చుంటది?

అందుకే అడగాలి. కూలి కోయకుండా రెండు విరామాలు, చేను దగ్గర నీడ, చీర అడ్డం, నీళ్లు, సబ్బు. రైతుకు ఇది పెద్ద ఖర్చు కాదు, మేస్త్రీ అడిగితే ఒప్పుకుంటాడు. బైకున్న తమ్ముళ్లు మధ్యాహ్నం ఇంటి పెద్దామెను ఎక్కించుకుని బిడ్డను చేను దగ్గరికి తీసుకుపోతే అసలు పంపుతోనే పనిలేదు. బిడ్డ పాలు బిడ్డకు చేరాలి, గట్టుకు కాదు.